సీటీ సిరీస్ తెరవడానికి 70 సెకన్లు: మా ఇమేజింగ్ సర్వర్‌లో ఆలస్యం ఎక్కడ దొరికింది

మా సెంటర్‌లో సీటీ మెషీన్ మార్చిన రెండో నెల నుంచే ఫిర్యాదులు మొదలయ్యాయి. అంతకుముందున్న 16 స్లైస్ మెషీన్ నుంచి తలకు 30 ఇమేజెస్, పొట్టకు ఓ 100 వచ్చేవి. కొత్తది 128 స్లైస్. తల, మెడ యాంజియోకే (రక్తనాళాలు చూసే స్కాన్) 900 దాకా వస్తాయి. యాక్సిడెంట్ కేసులో తల నుంచి తొడల వరకు తీస్తే ఒక్క సిరీస్‌లోనే, అంటే ఒక వరుసగా తీసిన ఇమేజెస్ కట్టలోనే, 2,000 దాటుతాయి. మెషీన్ మారింది, డాక్టర్ల పని తీరు మారింది. ఆ ఇమేజెస్‌ను దాచి చూపించే సర్వర్ మాత్రం పాతదే. దాని బాధ్యత నాది.

కృష్ణా డెల్టాలో ఒక పట్టణంలో, ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న స్కాన్ సెంటర్ మాది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి 108లో స్ట్రోక్ కేసులు వస్తాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైన దగ్గర నుంచి నాలుగున్నర గంటలే గడువు. అందులో మూడు గంటలు దారిలోనే అయిపోతుంటాయి. పెద్ద స్ట్రోక్‌లో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని వైద్యుల లెక్క. స్కాన్ అయ్యాక పెద్ద సిరీస్ తెరుచుకోవడానికి ఒక నిమిషం, అది మొత్తం లోడ్ కావడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతున్నాయంటే, దాన్ని "సిస్టమ్ కాస్త స్లో" అని వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

ఒక రాత్రి రేడియాలజిస్ట్ మేడం ఫోన్ చేశారు. "ఏమండీ, న్యూరాలజిస్ట్ గారు లైన్‌లో ఉన్నారు. నేను ఇంకా నల్ల స్క్రీన్ చూస్తూనే ఉన్నాను. ఏం చెప్పమంటారు ఆయనకి?" నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి ఆమె కన్సోల్ గదికి నడిచి వెళ్లి, మెషీన్ స్క్రీన్ మీదే ఇమేజెస్ చూసి రిపోర్ట్ చెప్పారు. ఈ కేసు మీద నేను కూర్చున్నది మర్నాటి నుంచే.

ముందు సర్వర్‌లో ఏముందో చెప్పాలి. మేం వాడేది ఆర్థాంక్. బెల్జియంలోని లీజ్ యూనివర్సిటీ ఆసుపత్రిలో సెబాస్టియన్ జొడోన్య్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ డైకామ్ సర్వర్ అది. డైకామ్ అంటే స్కాన్ ఇమేజెస్‌ను దాచడానికి, పంపడానికి అందరూ వాడే ప్రామాణిక పద్ధతి. 2012 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. చిన్న సెంటర్లకు లైసెన్స్ ఖర్చు లేకుండా పాక్స్ (స్కాన్ ఇమేజెస్‌ను దాచి చూపించే వ్యవస్థ) పెట్టుకునే దారి చూపించింది కాబట్టి దాని మీద నాకు గౌరవం ఉంది. దొరికిన లోపాలన్నీ నేను పెట్టుకున్న సెట్టింగులవి, నేను ఎంచుకున్న డిస్క్‌లవి. ఉబుంటు మీద ఆర్థాంక్, 32 జీబీ ర్యామ్, డాక్టర్లు చూడటానికి బ్రౌజర్‌లో ఓహెచ్ఐఎఫ్ వ్యూయర్. ఇమేజ్ ఫైళ్లన్నీ పక్క గదిలోని నాస్ బాక్స్‌లో, అంటే నెట్‌వర్క్ మీద వాడుకునే డిస్క్‌ల పెట్టెలో. అందులో నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లు నాలుగు, రెయిడ్ 5లో (ఒక డిస్క్ పాడైనా డేటా పోని అమరిక) ఉన్నాయి. సర్వర్‌కు, నాస్‌కు మధ్య గిగాబిట్ కేబుల్.

మొదటి అనుమానం అందరిలాగే నాకూ నెట్‌వర్క్ మీదకే పోయింది. లెక్క కూడా ఆ అనుమానానికి బలమే ఇచ్చింది. ఒక సీటీ స్లైస్, అంటే శరీరపు ఒక అడ్డకోత ఇమేజ్, 512 పిక్సెళ్ల వెడల్పు, 512 ఎత్తు, పిక్సెల్‌కు రెండు బైట్లు. అంటే అర ఎంబీ. 2,000 స్లైసులంటే ఒక జీబీ. ఇంత డేటా గిగాబిట్ లైన్ మీద రావడానికి ఎంత లేదన్నా 9 సెకన్లు, 100 ఎంబీపీఎస్ లైన్ మీద నిమిషంన్నర. కాబట్టి లైన్ చిన్నదై ఉంటుందనుకున్నాం. ఇంటి నుంచి రిపోర్ట్ చేసే డాక్టర్ల కోసం ఇంటర్నెట్ ప్లాన్ పెంచాం, లోపల పాత స్విచ్ తీసేసి కొత్తది పెట్టాం. సెంటర్ లోపల కూర్చున్న మేడంకు ఒక్క సెకను కూడా తగ్గలేదు. సర్వర్ నుంచి ఆమె కంప్యూటర్‌కు వేగం కొలిస్తే 940 ఎంబీపీఎస్ చూపించింది. లైన్ ఖాళీగానే ఉంది.

రెండో ప్రయత్నం డేటాబేస్. ఆర్థాంక్ మామూలుగా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో వస్తుంది. నలుగురైదుగురు ఒకేసారి వాడే చోట పోస్ట్‌గ్రెస్‌కు మారమని అందరూ చెప్తారు, మేమూ మారాం. ఇది ఒక సెట్టింగ్ మార్చేస్తే అయిపోయే పని కాదు. కొత్త డేటాబేస్ ఖాళీగా మొదలవుతుంది కాబట్టి పాత స్టడీలన్నీ (ఒక్కో స్కాన్‌లోని ఇమేజెస్ మొత్తం ఒక స్టడీ) మళ్లీ లోపలికి పంపాలి. మాకు దానికి నాలుగు రాత్రులు పట్టింది. పేషెంట్ల జాబితా, పేరుతో వెతకడం చాలా చురుకయ్యాయి. పెద్ద సిరీస్ తెరిచే టైమ్ మాత్రం అలాగే ఉంది. పోస్ట్‌గ్రెస్‌కు మారడం మంచి పనే, కానీ మా జబ్బుకు అది మందు కాదు.

అసలు ఆధారం ఇచ్చింది మా సీనియర్ టెక్నీషియన్. "అన్నా, మేడం గారు ఒకసారి తెరిచాక అదే కేసు నేను తెరిస్తే వెంటనే వచ్చేస్తోంది. మొదటిసారే లేటు." ఆ మాట నేను అంతకుముందే విని ఉండాల్సింది. లైన్ చిన్నదైతే రెండోసారి కూడా ఆలస్యమే కావాలి. ప్రాసెసర్ బలహీనమైతే రెండోసారి కూడా అంతే. మొదటిసారి మాత్రమే ఆలస్యమై, వేరే కంప్యూటర్ నుంచి తెరిచినా రెండోసారి వేగంగా వస్తోందంటే ఒకటే అర్థం. ఒకసారి చదివిన ఫైళ్లు మెమరీలో ఉండిపోతున్నాయి. ఆలస్యమంతా డిస్క్ నుంచి చదవడంలో ఉంది.

కొలత

ఆదివారం మధ్యాహ్నం, కేసులు తక్కువగా ఉన్నప్పుడు, కొలవడానికి కూర్చున్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒకే సిరీస్‌ను మళ్లీ మళ్లీ తెరిచి కొలిస్తే తప్పుడు ధైర్యం వస్తుంది. సర్వర్ మెమరీని ఖాళీ చేసినా, నాస్ బాక్స్‌కు సొంత మెమరీ ఉంటుంది, అది గుర్తుపెట్టుకుంటుంది. నా మొదటి గంట కొలతలు ఇలాగే వృథా అయ్యాయి. తర్వాత నెలల తరబడి ఎవరూ తెరవని పాత కేసులు పది ఎంచుకుని, ఒక్కోదాన్ని ఒక్కసారే తెరిచి కొలిచాను.

బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే వ్యూయర్ ఏం అడుగుతోందో వరుసగా కనిపిస్తుంది. మొదట సిరీస్ మెటాడేటా, అంటే ఇమేజెస్ గురించిన వివరాలు, అడుగుతుంది. అది వచ్చాకే ఇమేజెస్ అడగడం మొదలుపెడుతుంది. 2,000 స్లైసుల సిరీస్‌కు ఆ మెటాడేటా అంతా కలిపి 8 ఎంబీ చిల్లర. అది వచ్చి చేరడానికి అర సెకను కూడా పట్టలేదు. అది బయల్దేరే ముందు, సర్వర్ నుంచి మొదటి బైట్ కోసం ఎదురుచూసిన టైమ్ మాత్రం 70 సెకన్లు. మేడం చూస్తూ కూర్చున్న నల్ల స్క్రీన్ అదే.

ఆ 70 సెకన్లూ సర్వర్ ఏం చేస్తోంది? ప్రాసెసర్ ఖాళీ. నెట్‌వర్క్ ఖాళీ. నాస్ డిస్క్‌లు మాత్రం ఊపిరాడనంత పనిలో ఉన్నాయి. అయినా అవి అందిస్తున్న డేటా సెకనుకు ఒకటి రెండు ఎంబీలే.

దీనికి కారణం తెలియాలంటే వ్యూయర్‌కు ఏం కావాలో చూడాలి. స్లైసులను వరుసలో పేర్చడానికి, కొలతలు సరిగ్గా చూపించడానికి, అడ్డంగా నిలువుగా కోసి చూపించడానికి ప్రతి స్లైస్ గురించి కొన్ని వివరాలు కావాలి. శరీరంలో ఆ స్లైస్ ఎక్కడుంది, ఏ కోణంలో ఉంది, పిక్సెల్‌కు పిక్సెల్‌కు దూరమెంత, సంఖ్యలను హౌన్స్‌ఫీల్డ్ విలువలుగా (సీటీలో సాంద్రతను చూపే కొలత) ఎలా మార్చాలి, ఇలాంటివి. ఇవన్నీ ఒక్కో డైకామ్ ఫైలు తలభాగంలో, అంటే హెడర్‌లో ఉంటాయి. డేటాబేస్‌లో ఉండేవి పేషెంట్ పేరు, తేదీ, సిరీస్ నంబర్ లాంటి ముఖ్యమైన ట్యాగులు మాత్రమే. బ్రౌజర్ వ్యూయర్‌కు డేటా అందించే డైకామ్‌వెబ్ ప్లగిన్‌లో సిరీస్ మెటాడేటా "ఫుల్" అని ఉంటే, సర్వర్ 2,000 ఫైళ్లనూ ఒక్కొక్కటిగా తెరిచి, హెడర్ చదివి, మూసి, అప్పుడు సమాధానం తయారు చేస్తుంది.

ఆ ఫైళ్లు ఎక్కడున్నాయన్నది ఇంకో సంగతి. ఆర్థాంక్ ప్రతి ఫైలుకు ఒక యాదృచ్ఛికమైన పేరు పెడుతుంది. ఆ పేరులోని మొదటి రెండు అక్షరాలు ఒక ఫోల్డర్, తర్వాతి రెండు దాని లోపలి ఫోల్డర్. అలా 256 ఇంటూ 256, మొత్తం 65,536 ఫోల్డర్లు. ఒకే ఫోల్డర్‌లో లక్షల ఫైళ్లు పోగుపడకుండా ఇది మంచి పద్ధతే. కానీ ఒకే పేషెంట్ ఒకే స్కాన్‌లోని 2,000 స్లైసులు దాదాపు 2,000 వేర్వేరు ఫోల్డర్లలో పడతాయి. 2,000 శుభలేఖలు ఒకే వీధిలో ఇంటింటికీ పంచడం వేరు, ఊరికొకటి చొప్పున 2,000 ఊళ్లు తిరిగి ఇచ్చి రావడం వేరు. తిరిగే హార్డ్ డిస్క్‌కు ప్రతి ఊరూ ఒక ప్రయాణమే. చదివే ముల్లు అక్కడికి కదలాలి, డిస్క్ తిరిగి ఆ చోటు ముల్లు కిందకు రావాలి. 7,200 వేగంలో ఆ తిరగడం కోసమే సగటున 4 మిల్లీసెకన్లు ఆగాలి. ముల్లు కదలడానికి ఇంకో 8 దాకా. ఫోల్డర్ వెతకడానికి ఒకసారి, ఫైలు వివరానికి ఒకసారి, ఫైలుకు ఒకసారి. దాని మీద నాస్‌తో ఎస్‌ఎంబీలో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు తెరిచే పద్ధతి) "తెరువు, చదువు, మూయి" అని జరిగే మాటామంతీ. నా లాగ్‌లో ఒక్కో ఫైలుకు సగటున 35 మిల్లీసెకన్లు తేలింది. 2,000తో గుణిస్తే 70 సెకన్లు. బ్రౌజర్ చూపించిన అంకె, ఈ అంకె ఒకటే అయినప్పుడు నాకు చాలా రోజుల టెన్షన్ దిగింది. అప్పటికి ఇంకా ఏదీ బాగుచేయలేదు. వెతకాల్సిన చోటు ఇదేనని మాత్రం తెలిసింది.

ఇంకో తప్పు కూడా ఈ వెతుకులాటలోనే దొరికింది. రెండేళ్ల కిందట నాస్ నిండిపోతోందని నేను ఆర్థాంక్‌లో స్టోరేజ్ కంప్రెషన్ ఆన్ చేశాను. డిస్క్ బాగానే ఆదా అయింది. కానీ కంప్రెస్ చేసిన ఫైలులో మొదటి కొంచెం చదివి హెడర్ తీసుకోవడం కుదరదు, మొత్తం విప్పాలి. అందుకని ఆర్థాంక్ హెడర్ భాగాన్ని విడిగా ఇంకో చిన్న ఫైలుగా రాసుకుంటుంది. అంటే ఒక్కో ఇమేజ్‌కు రెండు ఫైళ్లు, పంచాల్సిన శుభలేఖలు రెండింతలు. డిస్క్ మిగిల్చాననుకుని టైమ్ పోగొట్టాను.

మార్పులు

మొదట చేసింది పైసా ఖర్చు లేని పని, దాన్ని సూచించింది మేడం. "నాకు ముందు 5 మిల్లీమీటర్ల సిరీస్ ఇవ్వండి చాలు. బ్లీడ్ ఉందో లేదో అందులోనే తెలిసిపోతుంది. సన్న స్లైసులు తర్వాత రానివ్వండి." మా మెషీన్ సన్న స్లైసులను ముందు పంపి, మందపాటివి చివర్లో పంపేది. వ్యూయర్ కూడా ఏది ముందొస్తే దాన్ని తెరిచేది. టెక్నీషియన్లతో కూర్చుని ప్రోటోకాల్స్‌లో పంపే వరుస మార్చాం. వ్యూయర్‌లో 5 మిల్లీమీటర్ల సిరీస్ ముందు తెరుచుకునేలా పెట్టాం. 30 నుంచి 150 ఇమేజెస్ ఉన్న సిరీస్ ఆ పాత డిస్క్ మీద కూడా ఐదారు సెకన్లలో వచ్చేసింది. అసలు మరమ్మతు పూర్తయ్యేదాకా స్ట్రోక్ కేసుల్లో మమ్మల్ని నిలబెట్టింది ఇదే.

అసలు మరమ్మతు డిస్క్. ఉన్న డేటా అంతా ఎస్‌ఎస్‌డీ మీదకు మార్చే బడ్జెట్ మాకు లేదు, అవసరం కూడా లేదు. రేడియాలజిస్టులు తెరిచే కేసుల్లో ఎక్కువ భాగం ఆ వారంలోవే. అందుకని రెండు ఆర్థాంక్‌లు పెట్టాం. ముందుండేది 2 టీబీ ఎన్‌వీఎంఈ డిస్క్ (వేగమైన ఒక రకం ఎస్‌ఎస్‌డీ) మీద, మెషీన్లన్నీ దీనికే పంపుతాయి, డాక్టర్లు దీన్నే చూస్తారు. వెనకుండేది పాత నాస్ మీద, ఆర్కైవ్. రోజుకు 25 సీటీలు, ఒక్కోటి జీబీ అనుకుంటే 2 టీబీ డిస్క్ 80 రోజులకు సరిపోతుంది. ఎన్‌వీఎంఈలో ముల్లు లేదు, ప్రయాణం లేదు, కాబట్టి ఫైళ్లు ఎన్ని ఫోల్డర్లలో చెల్లాచెదురైనా దానికి పెద్ద తేడా ఉండదు.

ఈ ఏర్పాటులో నన్ను భయపెట్టింది వేగం కాదు, తొలగింపు. ఆర్థాంక్‌కు గరిష్ఠ స్టోరేజ్ పరిమితి పెడితే, అది నిండాక పాత పేషెంట్లను వరుసగా తీసేస్తుంది. పేషెంట్‌ను తీసేస్తే అతని స్టడీలన్నీ పోతాయి. ఆర్కైవ్‌కు చేరకముందే ఏదైనా పోతే అది ఒక మనిషి రికార్డు, మళ్లీ రేడియేషన్ ఇచ్చి తీయాల్సిన స్కాన్. అందుకే ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. కొత్త స్టడీ రాగానే ఆ పేషెంట్‌కు "ప్రొటెక్టెడ్" గుర్తు పెడుతుంది. అది ఉన్నంతవరకు ఆర్థాంక్ ఆ పేషెంట్‌ను ముట్టుకోదు. స్టడీ పూర్తిగా వచ్చాక ఆర్కైవ్‌కు పంపి, రెండు వైపులా ఇమేజెస్ లెక్క సరిచూసి, ఆర్కైవ్‌లో ప్రతి ఫైలు ఎండీ5ను (ఫైలు మారలేదని తేల్చే గుర్తు సంఖ్య) సరిపోల్చమని అడిగి, అన్నీ సరిపోతేనే గుర్తు తీస్తుంది. దీనికీ ఒక చిక్కు ఉంది. నాస్ ఆగిపోయి అందరూ ప్రొటెక్టెడ్‌గానే మిగిలితే, ముందుండే డిస్క్ నిండి కొత్త స్కాన్‌లు లోపలికి రావు. అందుకని డిస్క్ 85 శాతం దాటితే నా ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నాను. దీన్ని ఎవరైనా చేసేటట్టయితే స్క్రిప్ట్ రాసిన రోజే నాస్ కేబుల్ పీకి చూడండి. మేం పీకి చూశాం, మొదటిసారి మెసేజ్ రాలేదు. బాగుచేసి మళ్లీ పీకాం.

ముందుండే సర్వర్‌లో కంప్రెషన్ ఆఫ్. ఆర్కైవ్‌లో కూడా తీసేయాలనుకున్నాను. సెట్టింగ్ మార్చినంత మాత్రాన పాత ఫైళ్లు మారవు, హౌస్‌కీపర్ అనే ప్లగిన్ వాటిని ఒక్కొక్కటిగా తిరగరాస్తుంది. దాన్ని రాత్రి 12 నుంచి ఉదయం 5 వరకే నడిచేలా పెట్టాం. పగలు నడిపితే అదే డిస్క్‌ల మీద డాక్టర్లతో పోటీ పడుతుంది. స్థలం చాలదని సగంలో ఆపాను. గత రెండేళ్ల స్టడీలు విప్పి ఉన్నాయి, అంతకన్నా పాతవి, పోస్ట్‌గ్రెస్‌కు మారినప్పుడు మళ్లీ పంపినవి కాబట్టి, కంప్రెస్ అయ్యే ఉన్నాయి. వాటిని తెరిచేవాళ్లు అరుదు కాబట్టి అలాగే ఉంచాం.

మూడోది మెటాడేటా క్యాష్, అంటే ముందే తయారుచేసి దాచుకున్న నకలు. డైకామ్‌వెబ్ ప్లగిన్ కొత్త వెర్షన్లలో ఒక సౌకర్యం ఉంది. సిరీస్ పూర్తిగా వచ్చిందని నిర్ధారించుకోగానే, అంటే మామూలుగా చివరి ఇమేజ్ వచ్చి 60 సెకన్లు గడిచాక, దాని మెటాడేటాను ముందే తయారుచేసి ఒకే ఫైలుగా దాచుకుంటుంది. వ్యూయర్ అడిగినప్పుడు 2,000 ఫైళ్లు తెరవదు, ఆ ఒక్కటీ ఇచ్చేస్తుంది. మా ప్లగిన్ పాతది, అప్‌డేట్ చేయకుండా మూడేళ్లు నడిపాం. అప్‌డేట్ చేశాక కొత్త కేసులకు ఈ క్యాష్ దానంతటదే తయారవుతోంది. ఆర్కైవ్‌లో ఉన్న పాత కేసుల్లో గత ఏడాదివాటికి రాత్రిపూట ఒక్కొక్కటిగా తయారు చేయించాం. స్ట్రోక్ కేసును ఆ 60 సెకన్లలోపే తెరిస్తే క్యాష్ ఉండదు, ఫైళ్లు తెరవాల్సిందే. ఎన్‌వీఎంఈ మీద అది 3 సెకన్ల పని కాబట్టి ఎవరికీ తెలియట్లేదు.

ఇంటి నుంచి చూసే డాక్టర్ల సంగతి వేరు. వాళ్లకు డిస్క్‌తో పాటు దూరం కూడా అడ్డమే. బ్రౌజర్ పాత హెచ్‌టీటీపీ పద్ధతిలో ఒక సర్వర్‌కు ఒకేసారి ఆరు కనెక్షన్లే తెరుస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న డాక్టర్ నుంచి మాకు ఒక సందేశం వచ్చి జవాబు పోవడానికి 40 మిల్లీసెకన్లు. 2,000 ఇమేజెస్‌ను ఆరేసి చొప్పున అడిగితే, లైన్ ఎంత పెద్దదైనా, ఎదురుచూపులకే 13 సెకన్లు. ఆర్థాంక్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (మధ్యలో ఉండి అభ్యర్థనలు అందుకునే వెబ్ సర్వర్) పెట్టి హెచ్‌టీటీపీ/2 ఆన్ చేస్తే ఒకే కనెక్షన్ మీద చాలా ఇమేజెస్ ఒకేసారి అడగొచ్చు. బ్రౌజర్లు దీన్ని టీఎల్‌ఎస్ (డేటాను గుప్తంగా పంపే పద్ధతి) ఉంటేనే ఒప్పుకుంటాయి కాబట్టి సర్టిఫికెట్ కూడా పెట్టాలి. పేషెంట్ల ఇమేజెస్ ఇంటర్నెట్ మీద పోతున్నప్పుడు అది ఎలాగూ ఉండాల్సిందే.

ఇమేజెస్‌ను నాణ్యత పోకుండా జేపెగ్ 2000లోకి మార్చి పంపితే సైజు సగానికి తగ్గుతుంది కదా అని చాలామంది అడుగుతారు. ప్రయత్నించాను. అడిగినప్పుడల్లా సర్వర్ మార్చి పంపేలా పెడితే, సెంటర్ లోపల ఉన్నవాళ్లకు ఇంతకుముందు కంటే ఆలస్యమైంది. గిగాబిట్ లైన్ మీద మోసుకెళ్లడం కంటే ప్రాసెసర్ మార్చడానికే ఎక్కువ టైమ్ పట్టింది, పైగా బ్రౌజర్ మళ్లీ దాన్ని విప్పాలి. లోపలివాళ్లకు ఇది వద్దని నా అభిప్రాయం. దూరంగా ఉన్నవాళ్లకు మేం వేరే దారి పట్టాం. రాత్రి డ్యూటీ డాక్టర్ ఇంట్లో చిన్న కంప్యూటర్ మీద ఒక ఆర్థాంక్ పెట్టాం, దాని డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేశాం. స్కాన్ అవుతుండగానే స్టడీ అక్కడికి వెళ్లిపోతుంది. ట్రాన్స్‌ఫర్స్ ప్లగిన్ చిన్న చిన్న ఇమేజ్ ఫైళ్లను మూటలుగా కట్టి, ఆ మూటలను ఒకేసారి పంపుతుంది. డాక్టర్ లేచి కూర్చునేసరికి ఇమేజెస్ ఆయన బల్ల మీదే ఉంటాయి.

మధ్యలో వచ్చిన ఇంకో కేసు

సీటీ బాగుపడ్డాక మామోగ్రఫీ గది నుంచి ఫిర్యాదు వచ్చింది. టోమోసింథసిస్ చిత్రాలు, అంటే రొమ్మును పొరలు పొరలుగా చూపించే ఎక్స్‌రేలు, పొర పొరకూ ఆగి ఆగి వస్తున్నాయని. నేను మొదట ఇదీ అదేననుకుని మెటాడేటా చూశాను, అది బాగుంది. అప్పుడు ఫైలు చూశాను. ఇక్కడ వేల చిన్న ఫైళ్లు లేవు. దాదాపు 50 పొరలు ఒకే ఫైలులో, 500 ఎంబీ. సీటీకి పూర్తి తిరగబడ్డ సమస్య.

ఆర్థాంక్ ఇటీవల చదివిన ఫైళ్లను మెమరీలో దాచుకుంటుంది. ఆ స్టోరేజ్ క్యాష్ పరిమితి మామూలుగా 128 ఎంబీ. 500 ఎంబీ ఫైలు అందులో పట్టదు. కాబట్టి వ్యూయర్ ఒక్కో పొర అడిగినప్పుడల్లా సర్వర్ ఫైలంతా మళ్లీ చదువుతోంది. 50 పొరలకు 25 జీబీ చదువు. పరిమితిని 2 జీబీకి పెంచాను. 32 జీబీ ర్యామ్‌లో అది పెద్ద మొత్తం కాదు. ఫైలు ఒకసారే చదివి, మిగతా పొరలన్నీ మెమరీ నుంచి వెళ్తున్నాయి. మార్చింది ఒకే ఒక్క అంకె, పట్టింది పది నిమిషాలు. "పెద్ద ఇమేజెస్ స్లో" అన్న ఒకే మాట వెనుక రెండు వేర్వేరు జబ్బులు ఉండొచ్చని నాకు అర్థమైంది ఇక్కడే. సీటీకి చేసిన మందు దీనికి పనిచేయదు, దీని మందు సీటీకి పనిచేయదు.

ఇప్పటి పరిస్థితి

మొదట కొలిచిన రకం కేసులనే, అంటే 2,000 స్లైసులకు అటూ ఇటూ ఉన్నవి, మొదటిసారి తెరిచేవి, మళ్లీ కొలిచాను. సెంటర్ లోపల 70 సెకన్ల నల్ల స్క్రీన్ పోయింది. మెటాడేటా ఒక సెకనులో వస్తోంది, మొదటి ఇమేజ్ రెండో సెకనుకు కనిపిస్తోంది, సిరీస్ మొత్తం 25 సెకన్లలో లోడ్ అవుతోంది. గిగాబిట్ లైన్ మీద 9 సెకన్లకంటే తగ్గదు కాబట్టి ఇంకా తగ్గించే చోటు ఉంది. మిగతా టైమ్ బ్రౌజర్‌లోనే పోతోందని అనుకుంటున్నాను. మేడం మాత్రం అంతకుముందే స్క్రోల్ చేయడం మొదలుపెట్టేస్తున్నారు.

ఆర్కైవ్‌లోని పాత కేసులు ఇప్పటికీ నెమ్మదే. మెటాడేటా క్యాష్ ఉన్నవి తెరుచుకుంటాయి కానీ ఇమేజెస్ నాస్ నుంచే రావాలి. ఇది క్యాన్సర్ పేషెంట్ల విషయంలో బాధిస్తోంది. ఆరు నెలల కిందటి స్కాన్‌తో పోల్చకుండా గడ్డ తగ్గిందో పెరిగిందో చెప్పలేరు. అందుకని రిసెప్షన్‌లో పేషెంట్ రిజిస్టర్ అవగానే, అతని పాత స్టడీని ఆర్కైవ్ నుంచి ముందుండే సర్వర్‌కు తెప్పించే స్క్రిప్ట్ పెట్టాం. స్కాన్ పూర్తయ్యేలోపు పాతది సిద్ధంగా ఉంటుంది.

అది పదిసార్లలో రెండు మూడుసార్లు పనిచేయట్లేదు. పేషెంట్ పాత నంబర్ కాగితం తీసుకురాకపోతే రిసెప్షన్‌లో కొత్త నంబర్ ఇచ్చేస్తున్నారు. ఒకే మనిషి మా సర్వర్‌లో ఇద్దరిగా ఉంటున్నాడు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనుక రాస్తే పేరుతో కూడా దొరకదు. ఇప్పుడు రిజిస్ట్రేషన్ కిటికీ దగ్గర ఫోన్ నంబర్‌తో ముందు వెతకమని అక్కడి అమ్మాయిలకు చూపిస్తున్నాను. పాత నంబర్ దొరికితే దాన్నే వాడాలని, దొరక్కపోతేనే కొత్తది ఇవ్వాలని. రోజూ సాయంత్రం ఒకే ఫోన్ నంబర్‌కు రెండు పేషెంట్ నంబర్లున్న జాబితా తీసి, వాళ్లతో కలిసి కూర్చుని సరిచేస్తున్నాను. ఒకే ఇంట్లో నలుగురికి ఒకే ఫోన్ ఉండటం మామూలే కాబట్టి ప్రతిదీ వయసు, పాత రిపోర్ట్ చూసి కలపాల్సి వస్తోంది. నిన్నటి జాబితాలో 11 ఉన్నాయి.